బేసి వరస

మూడో అంతస్తు ముత్తవ్వగారు
బెస్కాం బిల్లు వెనక పెన్సిలుతో రాసిచ్చారు.
మూడు కుట్లతో మొదలు.
ఒక వరసలో అటొకటి ఇటొకటి పెంచు,
తర్వాతి వరస ఊరికే అల్లు.
మళ్ళీ పెంచు.
అంతే, అన్నారు.
కొడగువాళ్ళకి అంతేనేమో,
చలిలో పుట్టినవాళ్ళు.

ఉన్ని మల్లేశ్వరం ఎనిమిదో క్రాసులో కొన్నాం.
ఆవపువ్వు రంగు.
వకుళే ఎంచుకుంది. అంటే,
"ఏదైనా పర్లేదు" అంటూ
చూపు దాని మీద ఒక్క క్షణం ఎక్కువ ఆపింది.

పగలంతా ఊళ్ళోవాళ్ళ జీఎస్టీ లెక్కలు
పైసా తేడా లేకుండా తేల్చేదాన్ని,
రాత్రి పదకొండు కుట్ల దగ్గర తడబడతాను.
సూది జారి గచ్చు మీద టింగుమంటుంది.
కింది ఫ్లాటులో కుక్క మొరుగుతుంది.

పెంచడం రెండు రకాలట.

ఉన్న కుట్టు ముందు కాలిలోంచి ఒకసారి,
దాన్ని వదలకుండానే వెనక కాలిలోంచి ఇంకోసారి.
ఒకదాని కడుపున రెండు.
తేలిక. చూడగానే తెలిసిపోతుంది కూడా,
మెడలో చిన్న పూసలా బయటికి కనిపిస్తుంది.

రెండోది,
రెండు కుట్ల నడుమ అడ్డంగా పడుకున్న దారాన్ని,
అటుదీ కాదు ఇటుదీ కాదు,
సూదిమొనతో పైకి లేపి
మెలితిప్పి అల్లాలి.
మెలి మరిస్తే అక్కడ చిల్లు.

ముత్తవ్వగారు నాకు రెండోదే నేర్పారు.
ఎందుకని నేను అడగలేదు.

మొదటి నాలుగింటికీ చిల్లులే.
వకుళ వాటిలో చిటికెనవేలు దూర్చి చూసి
హోంవర్కు దగ్గరికి వెళ్ళిపోయింది.

కాగితం మీద "ఒందు జాస్తి" అని ఉన్నచోటల్లా
పెంచు అని చదువుకుంటాను.
కోళ్ళకీ, గులాబీ అంటుకీ, జీతానికీ, పిల్లలకీ
మనకి ఒక్కటే మాట.

వకుళ నన్ను ఏ వరసా పెట్టి పిలవదు.
పదహారు నెలలు.
"ఇదుగోండి", "అదీ",
"నాన్న మిమ్మల్ని రమ్మంటున్నారు".
నేనూ అడగను.
అల్లికలో వరసలు మాత్రం లెక్కపెడతాను,
వరసకో శనగగింజ, స్టీలు గిన్నెలో.

సూదిమీద ఎప్పుడూ బేసి సంఖ్యే ఉండాలి.
మూడు, అయిదు, ఏడు, తొమ్మిది.
సరి వచ్చిందంటే ఎక్కడో తప్పు.
సరి అంటే తప్పు.
ఇన్నేళ్ళ లెక్కల్లో ఇది వినలేదు.

గిన్నెలో ఇరవయ్యో గింజ పడ్డ రాత్రి
ఇరవై మూడు ఉండాల్సిన చోట
ఇరవై నాలుగు.
మూడుసార్లు లెక్కపెట్టాను.
ఆయన నిద్రలోంచి, "పోనీలే" అన్నారు.
ఆయనకి అన్నీ పోనీలే.

వకుళ సాక్సులతో జారుకుంటూ వచ్చి
గోరుతో ఒక్కొక్క కుట్టునీ తాకి
"ఇప్పత్నాల్కు" అంది, స్కూలు భాషలో.
మళ్ళీ నాకోసం, "ఇరవై నాలుగు".

ఎక్కణ్ణుంచి వచ్చిందిది?
నేను పెంచలేదు. ఎవరూ పెంచమనలేదు.
ఏ పరధ్యానంలోనో దారం సూది మీదికెక్కి
కుట్టులాగే నిలబడిపోయింది.

పొద్దున ముత్తవ్వగారు కళ్ళజోడు పైకి తోసి
విప్పుతావో, రెంటిని కలిపేస్తావో, నీ ఇష్టమన్నారు.
విప్పితే ఏడు వరసలు పోతాయి.
నేను కత్తెర వైపు కూడా చూశాను, అబద్ధమెందుకు.

"అది చివర కూచుంది కదా," అంది వకుళ,
బూటు లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా.
"ఎవరికీ అడ్డం లేదు."

అప్పట్నుంచీ ఒకపక్క కాస్త వంపు.
అన్నీ సరిసంఖ్యలే వస్తున్నాయి,
నా కాగితానికి విరుద్ధంగా, నమ్మకంగా.

నిన్న సూది తియ్యకుండానే
దాని మెడకి చుట్టి కొలిచాను.
లోపల ఆ పాత నీలం స్వెట్టరు,
చేతులు మణికట్టుకి నాలుగు వేళ్ళ పైనే ఆగిపోయాయి.
అది ఎవరికీ ఇవ్వనివ్వదు.
నేను ఇమ్మననూ లేదు.

ఇస్త్రీ బట్టలు తెచ్చిన చెన్నమ్మ గుమ్మంలో ఆగి
బాగుందే, ఎవరల్లుతున్నారు అని అడిగింది.

వకుళ ఒక్క క్షణం సూది వైపు చూసి,
"ఇంట్లో," అంది.

గిన్నెలోకి ఇంకో గింజ వేశాను.
ఇది పెంచే వరస.